లాలాగూడ సెల్లార్‌లో పావుమైలు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. సికింద్రాబాద్, లాలాగూడ. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లన్నీ ఓ మూలకు జరిగాయి. మధ్యలో వరసగా బెంచీలు వేసి, వాటి మీద పొడవాటి చెక్క పరిచాం. చెక్క నిడివంతా రెండు సన్నటి గాడులు. ఒక్కో గాడిలో ఒక్కో బుల్లి కారు. గుప్పిట మూస్తే కనబడనంత.

''రెడీ... వన్... టూ... త్రీ!''

ఝుయ్‌మని ఓ చప్పుడు. అవతలి చివర అడ్డంగా పెట్టిన దిండుకు రెండు కార్లూ కొట్టుకున్నాయి. పందెం రెండు సెకన్లలో అయిపోయింది. పంచాయితీ మాత్రం ముప్పావుగంట నడిచింది.

'త్రీ అనకముందే వాడు మీట నొక్కేశాడు' అని ఒకడు. 'నాదే ముందు తగిలింది' అని ఇంకొకడు. 'వాడి కారులో అయస్కాంతం ఉంది, ఇది అన్యాయం' అని మూడోవాడు. ఆ మూడోవాడు అసలు పందెంలోనే లేడు! సర్దిచెబుదామని వెళ్ళిన పెద్దలం మేమే రెండు జట్లయ్యాం. అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు కిందికి దిగొచ్చి, ''ఏమండీ, ఆడుకునేది పిల్లలా, మీరా?'' అని అడిగేదాకా వెళ్ళింది వ్యవహారం.

ఆ రోజు అర్థమైంది మాకు. కార్లున్నాయి. దారి ఉంది. కరెంటుంది. లేనిదల్లా ఒక్కటే... రూల్సు.

గాడి తప్పని బండి

ఈ ఆట పేరు స్లాట్ కార్ డ్రాగ్ రేస్. స్లాట్ అంటే గాడి. కారు ముందుభాగాన అడుగువైపు చిన్న మేకులాంటిది ఉంటుంది. అది గాడిలోకి దిగి, కారును పక్కకు పోనివ్వదు. గాడికి అటొకటి ఇటొకటి లోహపు పట్టీలు. కారు కిందున్న రాగి రేకులు ఆ పట్టీలను రాసుకుంటూ కరెంటు తీసుకుంటాయి. మన చేతిలో మీట ఉంటుంది. ఎంత నొక్కితే అంత వేగం. స్టీరింగ్ అనేదే లేదు. రైల్వే పేటల వాళ్ళకు ఇంకా తేలిగ్గా చెప్పాలంటే... నెత్తిమీది తీగను నేలమీదికి దించిన కరెంటు రైలు!

మా కార్ల సైజును హెచ్‌ఓ అంటారు. ఆ మాట కూడా రైళ్ళ నుంచి వచ్చిందే. బొమ్మ రైళ్ళ లోకంలో 'ఓ' అనేది ఒక కొలత. అందులో సగం 'హాఫ్ ఓ'. అదే హెచ్‌ఓ. అసలు రైలును 87 వంతులు చేస్తే అందులో ఒక వంతు. పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. ఆ రైళ్ళ పక్కన తిప్పుకోవడానికి 1960 ప్రాంతంలో కరెంటు కార్లు వచ్చాయి. అమెరికాలో అరోరా అనే కంపెనీ వీటిని ఇంటింటికీ చేర్చింది. 1963లో థండర్‌జెట్ పేరుతో ఆ కంపెనీ తెచ్చిన కార్లలో మోటారు అట్టులా బల్లపరుపుగా ఉంటుంది. అరవై ఏళ్ళు దాటినా అవి ఇప్పటికీ పరుగెడుతున్నాయి. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ మావాడికి తెచ్చిన పాత డబ్బాలో అలాంటివి మూడున్నాయి. మా సెల్లార్ గొడవకు మూలం ఆ డబ్బానే.

ఈ ఆట లాలాగూడలో మొలకెత్తడం ఒకరకంగా సబబే. వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలుమార్గం 1874లో తెరుచుకుంది. 1893లో లాలాగూడలో వర్క్‌షాప్ వెలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ దానికి రాజధాని అయింది. ఇక్కడ ఏ ఇంటి తలుపు తట్టినా ఓ రైల్వే కథ వినిపిస్తుంది. ఒకప్పుడు సికింద్రాబాద్‌లో బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ రెండు రకాల పట్టాలూ ఉండేవి. ఓ బండి ఇంకోదాని పట్టా మీదికి ఎక్కలేదు.

మా మొదటి అంతస్తు తాతగారు వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. సొంతూరు ఒంగోలు దగ్గర. గొడవ జరిగిన రోజు సాయంత్రం కాఫీ తాగుతూ ఆయన ఒకే ముక్క అన్నారు. ''ఏ బండి ఏ పట్టా మీద నడవాలో ముందు తేల్చుకోవాలయ్యా. రైలు తోలడం ఆ తర్వాత.''

1320 అడుగులు భాగించు 64

ముందు తేలాల్సింది దూరం.

డ్రాగ్ రేస్ అంటే మలుపుల్లేని పందెం. రెండు బండ్లు, రెండు వరసలు, తిన్నగా ఒకటే పరుగు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని కాలిఫోర్నియాలో కుర్రకారు పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి ఎండిన సరస్సుల్లోనూ, వాడకంలో లేని విమానాల రన్‌వేల మీదా, రాత్రిపూట వీధుల్లోనూ పందేలు కాసేవారు. ప్రాణాలమీదికి తెచ్చుకునేవారు. వాళ్ళను వీధుల్లోంచి తప్పించి ఓ పద్ధతిలోకి తేవాలని 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టారు. అంటే, ఈ ఆటకు రూల్సు ముచ్చటకోసం పుట్టలేదు. ప్రాణాలు కాపాడటానికి పుట్టాయి.

ఆ పందెం దూరం పావుమైలు. 1320 అడుగులు. 2008లో ఓ డ్రైవర్ చనిపోయిన ప్రమాదం తర్వాత అన్నిటికన్నా వేగంగా పోయే బండ్లకు దాన్ని 1000 అడుగులకు కుదించారు. మిగతా చాలా తరగతులకు మాత్రం పావుమైలే.

మరి మా బుల్లి కార్లకు పావుమైలు ఎంత? పేరు హెచ్‌ఓ కాబట్టి 87తో భాగిస్తే పదిహేను అడుగుల రెండంగుళాలు. కానీ ఇక్కడో మెలిక ఉంది. లోపల మోటారు పట్టాలి కదా! అందుకని ఈ కార్లను కాస్త పెద్దగానే చేశారు. కొలిచి చూస్తే 64వ వంతుకు దగ్గరగా తేలతాయి. 64తో భాగిస్తే ఇరవై అడుగుల ఏడున్నర అంగుళాలు. ఏది సరైనది? పేరా, కొలతా?

''పెట్టె మీద ఏం రాశారన్నది నాకెందుకు? బండిని కొలవండి'' అన్నారు తాతగారు. కొలిచాం. ఇరవై అడుగుల ఏడున్నర అంగుళాలు ఖాయమైంది. ఎనిమిదడుగుల చెక్కలు మూడు పరుగుకు, నాలుగోది ఆగడానికి. గమ్యం దాటిన కారు నిదానించడానికి చోటు లేకపోతే పందెం గెలిచిన కారే ముందు పగులుతుంది. దిండు ఎన్నాళ్ళని కాపాడుతుంది?

మా మొదటి రూలు అలా గోడకెక్కింది.

రాణిగంజ్‌లో ఓ వింత బేరం

ట్రాక్‌కు కావలసిన సామాను కోసం ఓ శనివారం మావాణ్ణి వెంటేసుకుని బయల్దేరాను. మెట్టుగూడ, ఆలుగడ్డబావి దాటి స్టేషన్ ముందుకొచ్చాం. 2023లో పునర్నిర్మాణం మొదలయ్యాక స్టేషన్ పాత రూపురేఖలు మారాయి. అక్కడి నుంచి క్లాక్ టవర్. 1897 నుంచి సికింద్రాబాద్‌కు టైమ్ చెబుతున్న గడియారం. 'నాన్నా, ఇది సెకన్లు చూపించదా?' అన్నాడు మావాడు. వాడి బాధ వాడిది!

ప్యాట్నీ దాటి ఎంజీ రోడ్డు పట్టుకుంటే రాణిగంజ్ వస్తుంది. బోల్టు నుంచి బోరుబావి మోటారు దాకా ఇక్కడ దొరకని ఇనుప సామాను ఉండదంటారు. ఓ కొట్టులోకెళ్ళి రాగి పట్టీ అడిగాను.

''ఎన్ని హెచ్‌పీ మోటారుకు సార్?''

''హెచ్‌పీ కాదండీ... బొమ్మ కారుకు.''

కొట్టాయన నన్నూ, మావాణ్ణీ ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, స్టూలు వేసి కూర్చోబెట్టి సంగతంతా అడిగాడు. విని, ''రెండు వరసలకూ ఒకే పవర్ సప్లయ్ పెట్టకండి. ఒకటి గట్టిగా లాగితే రెండోదానికి వోల్టేజీ పడిపోద్ది'' అన్నాడు. పిండి మరకూ బోరు మోటారుకూ ఒకే లైను ఉంటే ఏమవుతుందో అదే. ఆ సలహా మాకు రెండో రూలైంది. వరసకో సప్లయ్, రెండూ సరిగ్గా 18 వోల్టులే. ఇరవై అడుగుల పట్టీలో చివరికెళ్ళేసరికి కరెంటు నీరసపడుతుంది కనుక మధ్యమధ్యలో తీగలు కలపాలి. ఇంత చేసినా రెండు వరసలూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే మూడో రూలు... ప్రతి జంటా రెండుసార్లు పరుగెత్తాలి, రెండోసారి వరసలు మార్చుకోవాలి.

అక్కడినుంచి పాట్ మార్కెట్. బంగారం తూచే చిన్న కాటా కొనడానికి.

''గోల్డా సార్, సిల్వరా?''

''కారండీ!''

నవ్వకండి. కారు బరువు పదిహేను, ఇరవై గ్రాములు. అందులో గ్రాము తగ్గించడమంటే లారీలోంచి ఓ టన్ను దించినట్టే. ఎవరెంత చెక్కేశారో తెలియాలంటే కాటా ఉండాల్సిందే.

చివరి మజిలీ హైదరాబాద్‌లో. కోఠీ గుజరాతీ గల్లీ. రేడియో విడిభాగాల రోజుల నుంచీ ఎలక్ట్రానిక్స్ పిచ్చోళ్ళకు అది కాశీ. అక్కడ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపే బల్బులు, దాన్ని పట్టుకునే సెన్సర్లు, ఎరుపు, పసుపు, పచ్చ లైట్లు కొన్నాం. మా రెండో అంతస్తులో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి వాటిని చిన్న ఆర్డ్వినో బోర్డుకు కలిపింది. నాలుగు రోజులు కుస్తీ పట్టి టైమర్ చేసి పెట్టింది. సెకనులో వెయ్యో వంతు దాకా చెబుతుంది. 'నాదే ముందు తగిలింది' అనే మాటకు ఆ రోజుతో కాలం చెల్లింది.

పచ్చ వెలిగేదాకా...

పెద్ద డ్రాగ్ రేసుల్లో లైట్ల స్తంభాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటారు. 1963 నుంచి వాడుతున్నారు. అంతకుముందు జెండా ఊపేవారు. జెండా ఊపే మనిషి భుజం కదలికను కనిపెట్టి ముందే దూకే ఘనులుండేవారట. మా 'వన్, టూ, త్రీ'లాగే!

స్తంభంలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఇంకో అర సెకనుకు పచ్చ. పచ్చ పడకముందే గీత దాటితే ఎర్ర లైటు. ఎర్ర పడితే ఓడినట్టే. రెండో మాట లేదు.

ఇందులో ఓ తమాషా ఉంది. టైమర్ రెండు లెక్కలు చెబుతుంది. పచ్చ పడ్డాక కదలడానికి మీరు తీసుకున్న సమయం ఒకటి. గీత దాటాక గమ్యం చేరడానికి కారు తీసుకున్న సమయం ఇంకొకటి. కారు వేగంగా పోయినా, మనిషి నిద్రపోతే పందెం పోతుంది. అంటే ఇది మోటారుకూ మోటారుకూ మధ్య పోటీ మాత్రమే కాదు, కంటికీ వేలికీ మధ్య పోటీ కూడా.

ఇక మా కష్టాలు తీరాయనుకున్నాం. తీరలేదు.

ఆరు ఆదివారాలు

మూడో అంతస్తు కుర్రాడికి వాళ్ళ నాన్న కొత్త కార్లు తెప్పించాడు. అడుగున బలమైన అయస్కాంతాలు, మెత్తటి సిలికాన్ టైర్లు. పచ్చ పడితే చాలు, మాయం! ఇరవై అడుగులకూ 1.3 సెకన్లు. వాచ్‌మన్ కొడుకు దగ్గరున్నది మా డబ్బాలోంచి ఇచ్చిన పాత థండర్‌జెట్. అది ఎంత కష్టపడినా 2.4 సెకన్లు. ఆరు ఆదివారాలు వరసగా ఆడాడు. ఆరు ఆదివారాలూ మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఏడో ఆదివారం రాలేదు. పిలిస్తే గేటు దగ్గర నుంచే అన్నాడు... ''ఊకె ఓడిపోవుడేనాయె అంకుల్. టైమర్ గుడ చెప్పబట్టె. ఇగ నేను రాను.''

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. ముందు ఎవరు ఓడారో తెలిసేది కాదు, కొట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరు ఓడారో వెయ్యో వంతుతో సహా తెలుస్తోంది. ఒక్కడు మానేశాడు. వాణ్ణి చూసి మరో ఇద్దరు. చిత్రమేమిటంటే తొమ్మిదో వారం మూడో అంతస్తు కుర్రాడు కూడా రాలేదు. 'బోర్ కొడుతోంది' అన్నాడట. ఎదుటివాడు లేని గెలుపు ఏం గెలుపు?

సెల్లార్‌లో ముప్పై రెండడుగుల చెక్క మీద దుమ్ము పేరుకుంది. పార్కింగ్‌కు అడ్డంగా ఉంది, తీసేయమని సెక్రటరీగారు నోటీసు అంటించారు. నెలాఖరు దాకా గడువు.

పాలపళ్ళ విభాగం

నోటీసు చూసి తాతగారు నన్ను పిలిచారు.

''మా వైపు తిరునాళ్ళకి ఎడ్ల బండలాగుడు పోటీలు ఎప్పుడన్నా చూశావా?''

చూడలేదన్నాను. ఆయన కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఒంగోలు జాతి ఎడ్ల జత. కాడికి కట్టిన రాతిబండ. తిన్నటి బాట. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగితే అంత. ఆలోచిస్తే అదీ డ్రాగ్ రేసే! మలుపుల్లేవు, మోసానికి చోటు లేదు, ఊరంతా రెండు వైపులా గోడకట్టి నిలబడుతుంది.

''దూడల్నీ ముదురు ఎడ్లనీ ఒకే బండకు కడతారా ఎవరైనా? పళ్ళు చూస్తారయ్యా. పాలపళ్ళవి ఒక విభాగం. రెండు పళ్ళవి ఒకటి. నాలుగు, ఆరు... ఆపైన సీనియర్స్. విభాగాన్ని బట్టి బండ బరువు మారుద్ది. రైతు నోటిమాట ఎవడూ నమ్మడు. నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు.''

పశువుకు పాలపళ్ళు ఊడి, జతజతగా గట్టిపళ్ళు వస్తాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. పళ్ళు అబద్ధం చెప్పవు. మనకు కావలసింది అదే. కారు నోరు తెరిచి చూసి, ఇది ఏ విభాగమో చెప్పగలిగే గుర్తు.

ఆ రాత్రి కూర్చుని విభాగాలు రాశాం. పేర్లు తాతగారివే.

పాలపళ్ళు: పెట్టెలోంచి తీసింది తీసినట్టే ఉండాలి. శుభ్రం చేసుకోవచ్చు, చుక్క నూనె వేసుకోవచ్చు. అంతే.

రెండు పళ్ళు: టైర్లు, పళ్ళచక్రాలు మార్చుకోవచ్చు. మోటారు ముట్టుకోకూడదు.

నాలుగు పళ్ళు: అయస్కాంతాలున్న కార్లు. మోటారు మాత్రం కంపెనీదే.

సీనియర్స్: మోటారు తీగ మళ్ళీ చుట్టుకోండి, ఏమైనా చేసుకోండి. మీ చావు మీరు చావండి!

మోటారు మార్చారో లేదో ఎలా తెలుస్తుంది? పళ్ళు చూసినట్టే, మీటర్ పెట్టి మోటారు చుట్ట నిరోధం ఎన్ని ఓమ్‌లో చూస్తాం. తీగ మారిస్తే అంకె మారుతుంది. తర్వాత కాటా. టైర్లకు జిగురు మందు పూయడం మాత్రం అన్ని విభాగాల్లోనూ నిషేధం. అది ట్రాక్‌కు అంటుకుని తర్వాత పరుగెత్తేవాడి ఫలితాన్ని మారుస్తుంది. మన కారుతో మనం ఏం చేసుకున్నా ఫర్వాలేదు, ఎదుటివాడి దారి పాడుచేయకూడదు.

మలక్‌పేట గుర్రం, హుస్సేన్‌సాగర్ పడవ

విభాగాలైతే వచ్చాయి. కానీ ఉన్నదే పన్నెండు మంది. నాలుగు ముక్కలు చేస్తే విభాగానికి ముగ్గురు. ఒక్కోసారి ఒక్కడే. అందరూ కలిసి ఆడే పందెం ఒక్కటైనా ఉండాలి కదా!

ఈ చిక్కుముడి మా ఊరికి కొత్త కాదు. వానాకాలంలో హుస్సేన్‌సాగర్ గట్టుమీద నిలబడితే తెరచాప పడవల పోటీలు కనిపిస్తాయి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వాళ్ళు నడుపుతారు. అందులో లేజర్ అనే తరగతి ఉంది. ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. పడవలన్నీ ఒకే అచ్చు. మనిషి బరువును బట్టి తెరచాప మాత్రం మూడు సైజులు. పెద్దది 7.06 చదరపు మీటర్లు, చిన్నది 4.7. పడవ ఒకటే కాబట్టి తేడా అంతా గాలిని చదివే మనిషిదే. అదొక మార్గం. కానీ అందరికీ ఒకే కారు కొనిపెట్టే స్తోమత మాకు లేదు.

రెండో మార్గం గుర్రాలది. సికింద్రాబాద్ పక్కనే ఉన్న మౌలాలిలో జరిగే పందేలను ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు మార్చారు. అక్కడ గుర్రాలకు రేటింగ్ ఇస్తారు. రేటింగ్‌ను బట్టి తరగతి. ఒకే పందెంలో మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, వెనకబడ్డ గుర్రం మీద తక్కువ బరువు. చాలకపోతే జీనులో సీసం పలకలు పెడతారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గమ్యం చేరేలా బరువులు వేయగలిగితే, వేసినవాడి లెక్క పక్కా అన్నమాట.

డ్రాగ్ రేసులో ఇదే పని బరువుతో కాక టైమ్‌తో చేస్తారు. దాన్ని 'బ్రాకెట్ రేస్' అంటారు. పందేనికి ముందు ఎవరి కారు ఎన్ని సెకన్లు తీసుకుంటుందో వాళ్ళే చెప్పాలి. ఒకరిది 2.4, ఇంకొకరిది 1.3 అనుకోండి. తేడా 1.1 సెకన్లు. నిదానం కారుకు అంత ముందుగా పచ్చ పడుతుంది. ఇద్దరూ చెప్పిన మాట మీద నిలబడితే గమ్యం దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు.

మరి కావాలని ఎక్కువ టైమ్ చెప్పి ముందే బయల్దేరితే? దానికీ మందుంది. చెప్పిన టైమ్ కంటే వేగంగా వెళ్ళారో... ఓడినట్టు! ఇద్దరూ అలాగే చేస్తే, ఎవరు తక్కువ మీరారో వాళ్ళది గెలుపు. ఒకరికి ఎర్ర లైటు పడి, మరొకరు టైమ్ మీరితే? ఎర్ర లైటుదే పెద్ద తప్పు. అన్నమాట నిలబెట్టుకోవడమే పందెంగా మారిన ఆట ఇది. ఎంత డబ్బు పెట్టి కారు కొన్నామన్నది ఇక లెక్కలోకి రాదు.

కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించాం. 'ఈ ఆదివారం బ్రాకెట్ పందెం. ఏ కారైనా సరే.' సెక్రటరీగారి గడువుకు ఇంకా వారం ఉంది.

ఎర్ర లైటు

వాచ్‌మన్ కొడుకు రానన్నాడు. ఇంజినీరింగ్ అమ్మాయి వాణ్ణి కూర్చోబెట్టి లెక్క చెప్పింది. రెండు పసుపు లైట్ల దాకా మొహమాటంగా విన్నాడు. 'అయితే నాది మెల్లగ వోతె గుడ గెల్వొచ్చా అక్కా?' అన్నాడు. 'ఎప్పుడూ ఒకేలా మెల్లగా పోతే' అందామె.

అక్కడే ఉంది కిటుకు. పాత థండర్‌జెట్‌లో అయస్కాంతపు పట్టు లేదు, పెద్ద వేగమూ లేదు. కానీ దాన్ని పదిసార్లు తోలితే పదిసార్లూ దాదాపు అదే టైమ్. 2.41, 2.40, 2.42. కొత్త కారు అలా కాదు. ఒకసారి 1.28, ఇంకోసారి టైరు జారి 1.39. ఆ ఆదివారం ముసలి కారు ముగ్గుర్ని వరసగా ఇంటికి పంపింది. సెల్లార్‌లో ఈలలు. వాచ్‌మన్ గేటు వదిలేసి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

ఫైనల్. ఇటు వాచ్‌మన్ కొడుకు, అటు మూడో అంతస్తు కుర్రాడు.

పసుపు. పసుపు. పసుపు...

ఎరుపు.

పిల్లాడి వరసలో. పచ్చ కోసం ఒక్క క్షణం ఆగలేకపోయాడు. కారు వెళుతూనే ఉంది కానీ పందెం అయిపోయింది. సెల్లార్ అంతా నిశ్శబ్దం. వాచ్‌మన్ తల దించుకున్నాడు.

''చిన్నపిల్లాడండీ, మళ్ళీ పెట్టండి'' అన్నారెవరో. ''అవును అంకుల్, ఇంకోసారి పెడదాం'' అన్నాడు మూడో అంతస్తు కుర్రాడు కూడా. వాడి మనసు మంచిది. అందరి చూపూ నా వైపే. రూల్సు కాగితం రాసింది నేను. నాకూ మళ్ళీ పెట్టేద్దామనే ఉంది. ఆరు వారాలు ఓడి, మానేసి, తిరిగొచ్చినవాడు. వీడు మళ్ళీ గేటు దగ్గరే ఆగిపోతే ఈ ట్రాక్ అంతా ఎందుకు?

తాతగారి వైపు చూశాను. ఆయన గొంతు పెంచలేదు. ''ఇవాళ వదిలేస్తే వాడి చేతికి మనం ఇచ్చేది కప్పు కాదయ్యా. జాలి. వాడు జాలి అడిగాడా?''

అడగలేదు. వాడి మొహంలోకి చూస్తే తెలుస్తోంది. ఫలితం ప్రకటించాను. మూడో అంతస్తుకు కప్పు. చప్పట్లు అంతంతమాత్రం.

పిల్లాడు నా దగ్గరికి వచ్చాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ''ఎంత ముందుగాల ఒత్తిన అంకుల్?'' అన్నాడు. టైమర్ చూశాం. సెకనులో వందకు నాలుగు వంతులు. రెప్పపాటు కూడా కాదు. ''గంతేనా!'' అన్నాడు. ఆ గొంతులో ఓటమి లేదు. బేరంలో ఇంకొంచెం తగ్గితే సరుకు మనదే అన్నప్పుడు ఉండే ధీమా ఉంది.

నోటీసు గడువు ముగిసే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ట్రాక్ విప్పదీసేందుకని సెల్లార్‌లోకి దిగాను. లైట్లు వెలిగి ఉన్నాయి. వాచ్‌మన్ కొడుకు ఒక్కడే కూర్చుని పసుపు, పసుపు, పసుపు లెక్కపెడుతూ మీట నొక్కడం సాధన చేస్తున్నాడు. పక్కనే ఓ స్టూలు వేసుకుని, చేతిలో కాఫీ గ్లాసుతో, వాడి టైములు కాగితం మీద రాస్తున్నది ఎవరనుకున్నారు? మా సెక్రటరీగారు.

''రూల్సులో ఒకటి కలపండి'' అన్నారాయన నన్ను చూసి. ''పందెం అయ్యాక బెంచీలు ఎవరు తీయాలో కూడా రాయండి.''

రాశాం. ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ కలిసి తీయాలి. మా కాగితం మీద అది పదకొండో రూలు.